నలభై మూడో ఇల్లు

పోఖరాకి ఎగువన కొండమీద ఊరు. తెల్లారితే దశైం టీకా, అంటే దసరాకి ఇంటి పెద్ద అందరి నుదుటా అక్షతలు పెట్టి దీవించే రోజు. మధ్యాహ్నం పూట నరజంగ్ గురుంగ్ ఇంటి అరుగు మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు: పటాలంలో చేసి పింఛనుతో తిరిగొచ్చి, ఇప్పుడు కంటి ఆసుపత్రికి ఊళ్ళో లెక్కలు రాసిచ్చే లాహురే నరజంగ్, ఆయన భార్య యమకుమారి, దిగువ కంటి ఆసుపత్రి నుంచి జీపులో వచ్చిన డాక్టర్ ప్రతిమ. ఆమె వాళ్ళని బా, ఆమా అంటుంది; వాళ్ళకి ఆమె నాని.

"సున్నా."

"మళ్ళీ ఒకసారి ఆలోచించి చెప్పండి బా. ఈ వారంలో ఊళ్ళో ఎర్రబడ్డ కళ్ళు..."

"సున్నా అన్నాగా నాని. పటాలంలో పదిహేడేళ్ళు తూటాలు లెక్కపెట్టినవాణ్ణి, కళ్ళు లెక్కపెట్టలేనా? రాత్రి దీపం వెనక కట్టిన తెల్ల గుడ్డ మీద వాలిన తెల్ల రెక్కల పురుగులు సోమవారం నూట పన్నెండు. మంగళవారం నూట నలభై. బుధవారం నూట ముప్పై ఆరు. నిన్న ఎనభై. ఎర్ర కళ్ళు సున్నా. రాసుకో."

"నిన్న ఒక్కసారిగా ఎనభైకి ఎలా పడిపోయాయి?"

"పండక్కి పుట్టిళ్ళకి పోయుంటాయి."

"ఇళ్ళు ఎన్ని తిరిగారు?"

"నలభై రెండు."

"ఊళ్ళో ఉన్నవి నలభై మూడు కదా బా."

"నలభై మూడోది నాది. నీ ఫారంలో ఏముంది? తిరిగిన ఇళ్ళు అని ఉంది. నా ఇంటికి నేను తిరగడమేంటి, ఇందులోనే పడుంటాను కదా."

"విన్నావా నాని? నలభై ఏళ్ళుగా ఈ లాయరుతోనే నా కాపురం."

"ముసలీ, నువ్వు లోపలికెళ్ళి సేల్ రొట్టెలు చూసుకో. మాడుతున్నాయి."

"మూకుడు ఇంకా పొయ్యెక్కనే లేదు."

"అయితే వెళ్ళి ఎక్కించు. నాని, నువ్వు టీ తాగు. చలికి అంత దూరం వచ్చావు. ఉండు, నేనే పోస్తా."

"బా, బా, కప్పు ఇటుంది!"

"ఏం ఫరవాలేదు. పండగ పూట అరుగుని కూడా కాస్త తాగనీ."

"ఆ నల్లద్దాలు తీస్తే కప్పు కనబడుతుంది కదా. ఎందుకవి?"

"ఎండ."

"ఎండేదీ? ఇవాళ పొద్దుటినుంచీ ముసురే."

"ఇక్కడ ముసురు. పైన మచ్చపుచ్చ్రే మీద మంచు చూడు, దానిమీద ఎండ పడి తిన్నగా వచ్చి కళ్ళల్లో పొడుస్తోంది."

"మచ్చపుచ్చ్రే కనిపిస్తోందా మీకు?"

"ఎందుకు కనిపించదు? నేను పుట్టినప్పటినుంచీ అక్కడే ఉంది. వెండి పళ్ళెంలా తళతళలాడుతోంది."

"ఆ కొండ ఇవాళ మబ్బులోంచి బయటికే రాలేదు బా. నాకు జీపు ముందు రోడ్డే సరిగా కనబడలేదు."

"రోడ్డు కనబడకపోతే వెంటనే కంటి డాక్టర్‌కి చూపించుకో. అశ్రద్ధ చెయ్యకు."

"ఆమా, పోనీ మీరు చెప్పండి."

"నన్నడగకు తల్లీ. పండగ వెళ్ళేదాకా నోరు విప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నవమి పూట ఒట్టు తప్పితే పాపం. అందుకని ఆ ఎడమ కన్ను సంగతి నేను ఎత్తనే ఎత్తను."

"ముసలీ!"

"నేనేమన్నా అన్నానా? అది బుధవారం సాయంత్రం ఎర్రబడిందని నా నోటినుంచి వచ్చిందా? నల్లద్దాలు ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చింది నేనే అని చెప్పానా? చూడు నాని, ఊరికే నామీద అరుస్తాడు. అయినా రెండ్రోజులుగా ఆ అరుపులు కూడా తగ్గాయి. పొద్దున్నే లేచి తిట్టే తిట్లు కూడా లేవు. అప్పుడే అనుకున్నా, ఒంట్లో ఏదో తేడా చేసిందని."

"బా. సున్నా అని రాసిన కాగితం మీద సంతకం కూడా పెట్టారు మీరు."

"అది కన్ను కాదు. అంటే, కన్నే. లెక్కలోకొచ్చే కన్ను కాదు. పొయ్యి పొగ తగిలింది, ఎర్రబడింది, తగ్గుతుంది."

"నొప్పుందా?"

"లేదు."

"కాస్తయినా?"

"నీమీద ఒట్టు. చీమ కుట్టినంత కూడా లేదు. నొప్పి లేని జబ్బు ఎక్కడన్నా ఉంటుందా? ఇక లే, మంచు దిగేలోపు నువ్వు కొండ దిగాలి."

"అస్సలు లేదా? మంటగానీ, గరగరగానీ?"

"అరే, ఏమీ లేదంటే సంతోషించాలి గానీ ఏడుపు మొహం పెడతావేంటి?"

"మామూలు కళ్ళకలక అయితే మండుతుంది బా. గరగరలాడి నీళ్ళు కారతాయి. మనిషి నిద్ర పట్టక తనంతట తనే ఆసుపత్రికి పరిగెత్తుకొస్తాడు. ఈ తెల్ల పురుగులు ముసిరే ఏట వచ్చేది దొంగ జబ్బు. కుక్క కూడా మొరగదు. పొద్దున లేచేసరికి చూపు ఎత్తుకుపోయి ఉంటుంది. ఎర్రబడిందీ, నొప్పి లేదూ అని ఎవరన్నా అంటే మా గుండెల్లో రాయి పడుతుంది."

"అయితే నొప్పుంది."

"ఏంటీ?"

"ఒకటే పోటు. దబ్బనం పెట్టి పొడుస్తున్నట్టుంది. అమ్మో. అబ్బో. సరేనా? ఇక దొంగ జబ్బు కాదుగా? దిగు కొండ."

"చూశావా తల్లీ? పింఛను ఆఫీసులో కూడా ఇంతే. బతికున్నావా అంటే ఏ సమాధానం చెప్తే లాభమో ముందు కనుక్కుంటాడు."

"నువ్వు మాట్లాడకు ముసలీ. ఒట్టు! ఒట్టు! ... అవునూ, నాకో సంగతి చెప్పు నాని. నేను బుధవారం పొద్దున ఫోన్లో సున్నా అని చెప్పాగా? ఒక్క సున్నా కోసం పండగ పూట జీపేసుకుని ఎందుకొచ్చావు?"

"ఫోన్ వచ్చింది."

"ఎవరు చేశారు?"

"పేరు చెప్పకూడదు. కంటి కబురు ఎవరు పంపినా పేరు బయటికి రాదని మీరే ఇల్లిల్లూ తిరిగి చెప్పారు కదా."

"అది జనానికి. నేను ఆసుపత్రి మనిషిని. మీరిచ్చిన టోపీ ఉంది."

"టోపీ ఉన్నా చెప్పకూడదు."

"ముసలీ, నువ్వేనా?"

"నాకు మోగిన ఫోన్ ఎత్తడమే రాదు. అయినా మనింట్లో ఎక్కడ పలుకుతుంది అది? బడి గుట్ట ఎక్కాలి. నా మోకాళ్ళతో గుట్టెక్కితే నా కోసం వేరే డాక్టర్ రావాలి."

"అయితే బడి పంతులమ్మ."

"కాదు బా."

"పేరు చెప్పకూడదన్నావు. కాదని మాత్రం ఎలా చెప్తావు?"

"అవును, కాదని కూడా చెప్పకూడదు."

"అయితే ఆవిడే!"

"అయ్యో, ఆవిడ కాదు!"

"సరే, పట్టుకుంటా. ఈ ఊళ్ళో జనం బుద్ధే అంత. ఇవాళ పొద్దున ధారా నీళ్ళ దగ్గర మొహం కడుక్కుందామని అరుగు దిగితే దారి మధ్యలో ఎవడో బిందె వదిలేసి పోయాడు. తట్టుకుని బోర్లా పడబోయా. నిండు బిందె! ప్యాంటంతా తడిసింది."

"అంత బిందె మీకు కనబడలేదా?"

"ఎడం పక్కనుంటే ఎలా... అంటే, చీకటి."

"ఏడున్నరకి చీకటేంటి లాహురే? అప్పటికి నేను గేదెకి కుడితి పెట్టి, వంట చేసి, పక్కింటావిడతో పోట్లాడి వచ్చా."

"బా, మేం మీకో పొడుగాటి పట్టుకారు ఇచ్చాం. పురుగుల్ని దాంతోనే తీసి సీసాలో వెయ్యాలన్నాం. ఏదది?"

"శుభ్రంగా ఉంది."

"ఎక్కడ?"

"శుభ్రమైన చోట."

"ఆమా?"

"దీనికి ఒట్టు వెయ్యలేదు కాబట్టి చెప్తా. మూకుడు పక్కనుంది. నూనెలో వేసిన సేల్ రొట్టెని పుల్లతో తిప్పితే విరిగిపోతుంది తల్లీ. అది భలే పట్టు పడుతుంది. మీ ఆసుపత్రివాళ్ళు ఏం సామాను చేయిస్తారో గానీ..."

"పురుగుల పట్టుకారుతో రొట్టెలా!"

"మూడుసార్లు ఉడకబెట్టా! బూడిద పెట్టి తోమా! నేనేమన్నా శుచీ శుభ్రం లేనిదాన్నా?"

"మరి మీరు పురుగుల్ని దేంతో తీశారు బా?"

"చేత్తో."

"ఎన్ని రోజులు?"

"మంగళవారం ఒక్కరోజే. నూట నలభై."

"తర్వాత చెయ్యి?"

"ప్యాంటుకి తుడుచుకున్నా."

"తర్వాత?"

"చెమట పట్టింది. తుడుచుకున్నా."

"ఎక్కడ?"

"చెమట ఎక్కడ పడుతుంది? మొహం మీదే కదా."

"నా వల్లేనా నాని? పట్టుకారు నేను తీసుకోబట్టేనా?"

"ఆ పురుగు నూగు వల్ల వస్తుందో, దాంతోపాటు ఇంకేదన్నా ఉందో, ఇంతవరకూ ఎవరికీ తేలలేదు ఆమా. తేల్చడానికే కదా ఈ లెక్కలన్నీ. మీరేమీ మనసులో పెట్టుకోకండి. బా, కుడి కన్ను అరచేత్తో మూసుకోండి. ఇవి ఎన్ని వేళ్ళు?"

"రెండు."

"ఇప్పుడు?"

"రెండు."

"ఇప్పుడు?"

"రెండే. నాకు తెలీదా? పటాలంలో డాక్టరు కూడా ఎప్పుడూ రెండే చూపించేవాడు."

"నేను చెయ్యి ఎత్తనే లేదు బా. అద్దాలు తీయండి."

"తియ్యి లాహురే. నాకు భయమేస్తోంది."

"తీశాలే. తీశా. ఏడవకు. ఇదిగో, చూడు నాని. కన్నేగా. ఎవరికి ఉండనిది?"

"టార్చి వేస్తున్నా, కదలకండి. పైకి చూడండి. కిందికి. ... కళ్ళు మూసుకోండి, రెప్ప మీద మెల్లగా నొక్కుతా. ఇక తెరవండి. వెలుతురు తెలుస్తోందా?"

"తెలుస్తోంది. తెల్లగా. పొగమంచులో లాంతరు చూసినట్టు."

"గుడ్డు మెత్తబడింది. నల్లగుడ్డు నడిమధ్య పాలచుక్క వేసినట్టుంది. బా, ఇక నేను ఫారాలూ గీరాలూ అడగను. కంటిగుడ్డు లోపల గాజులాంటి తేట జిగురుంటుంది. మీకది చెడి చిక్కబడుతోంది, పాలు తోడుకుని పెరుగైనట్టు. ఆ జిగురంతా తీసేసి, లోపల కడిగి, మందు పెట్టాలి. ఇవాళే."

"కోస్తారా?"

"సూది పట్టేంత రంధ్రాలు మూడు. అంతే. మా పెద్ద డాక్టర్ పండక్కి ఇంటికి కూడా వెళ్ళకుండా బల్ల సిద్ధం చేసుకుని కూర్చున్నారు."

"చేస్తే చూపొస్తుందా?"

"ఇవాళ చేస్తే రావచ్చు. వస్తుందని మాటివ్వలేను. ఎల్లుండి దాకా ఆగితే మాత్రం రాదని మాటిస్తా. గుడ్డే ముడుచుకుపోతుంది."

"ఎల్లుండి పొద్దున్నే వస్తా."

"బా! ఇప్పుడేం చెప్పాను నేను?"

"విన్నా. రేపు టీకా. పదకొండూ యాభై ఒకటికి ముహూర్తం. ఈ వంశంలో బతికున్నవాళ్ళలో నేనే పెద్ద. నేను పీట మీద లేకపోతే నుదుట అక్షతలు ఎవరు పెడతారు? నువ్వు పెడతావా?"

"పున్నమి దాకా పెట్టొచ్చు కదా టీకా. మీ పిల్లలందరూ పోఖరాలోనే ఉన్నారు. ఆసుపత్రికొచ్చి పెట్టించుకుంటారు. మేం పీట కూడా వేస్తాం."

"ముప్పై మంది వస్తారు. అందర్నీ మంచం చుట్టూ నిలబెడతావా?"

"ముప్పై మంది కాదు నాని. ఒక్కడు."

"ముసలీ, నోరు..."

"పాపం వస్తే రానీ. నరకానికి నేనే పోతా. తల్లీ, ప్రతి దశైంకీ చీకటి గదిలో బార్లీ మొలకలు పెడతాం కదా, జమరా. టీకా రోజు వచ్చిన వాళ్ళందరి చెవి వెనకా తలా ఒక పోచ పెట్టి దీవిస్తాడు. అంతా అయ్యాక ఒక గుప్పెడు మిగల్చి గూట్లో దాస్తాడు. పున్నమి దాకా దాస్తాడు. ఎవరికయ్యా అంటే ఆవుకి అంటాడు. ఏడేళ్ళుగా ఇదే మాట. మా ఇంట్లో ఆవు లేదు తల్లీ. గేదె ఒక్కటే ఉంది."

"ఎప్పటికైనా కొందామని..."

"మరి ఆ గుప్పెడు ఎవరికి ఆమా?"

"మా మరిదికి. ఈయన సొంత తమ్ముడు టేక్ బహదూర్. అదిగో, ఆ కింది ఇల్లు. పెళ్ళాం పోయాక నీళ్ళు కూడా పాపం తనే మోసుకుంటాడు. పొద్దున్నే ఈ పక్కనుంచే ధారాకి పోతాడు. ఈయన ఇక్కడ కూర్చుని తిడతాడు. ఏడేళ్ళుగా అన్నదమ్ముల మధ్య నడిచే మాట అదొక్కటే."

"వాడు దాయ్ అని ఒక్కసారి పిలిస్తే నేనెందుకు తిడతా?"

"అన్నని దాయ్ అని పిలవనంత కోపం దేనికి?"

"మేక వల్ల."

"మేకా?"

"వద్దు ముసలీ. పండగ పూట ఆ మేక ఊసెత్తకు."

"ఎత్తుతా. నాని, ఏడేళ్ళ కిందట దశైంకి ఇద్దరూ కలిసి ఒక మేకపోతుని కొందామనుకున్నారు. మరిదిని సంతకి పంపాం. మంచి పోతునే పట్టుకొచ్చాడు పాపం. కుడి పక్కనుంచి చూస్తే ఏనుగులా ఉంది."

"ఎడం పక్కనుంచి చూస్తే వెనక కాలు కుంటి! పక్కటెముకల మీద ఇంతేసి పుండు!"

"మాంసం రుచిగానే ఉంది."

"రుచి సంగతి ఎవడడిగాడు?"

"మా మరిదికి ఎడమ కన్ను లేదు తల్లీ. చిన్నప్పుడే పోయింది. సంతలో ఆ పక్క చూసుకోలేదు. అంతే కదా? మర్నాడు టీకాకి చుట్టాలందరూ కూర్చున్నారు. ఈయన కాస్త తాగి ఉన్నాడు. ఒంటికన్నువాణ్ణి సంతకి పంపితే సగం మేకని చూసి మొత్తం మేకని తోలుకొస్తాడు అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు."

"నవ్వులాటకన్నా."

"మరిది నవ్వలేదు. నుదురు ఖాళీగానే లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచీ ఈయన జమరా దాయడం, ఆయన ఈ గడప తొక్కకపోవడం. ఈ ఏడొస్తాడేమో, రేపే వస్తాడేమో, వచ్చేసరికి తలుపు వేసుంటే ఏమవుతుందో అని ఈయన భయం. కన్ను పోయినా ఫరవాలేదు గానీ..."

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నలభై ఏళ్ళు."

"ఆయన కన్ను ఎలా పోయింది బా?"

"టీ చల్లారిపోతోంది నాని."

"కప్పులో చుక్క లేదు. అరుగే తాగేసింది."

"నేనప్పటికి ఈ ఇంటికి రాలేదు తల్లీ. మా అత్త చెప్పేది. అది కూడా పురుగుల ఏడేనట. మరిదికి తొమ్మిదేళ్ళు..."

"ఎనిమిది."

"తొమ్మిదని చెప్పేది అత్త."

"ఎనిమిది. నాకు పన్నెండు. పండక్కి ఊరి పైన వెదురు ఉయ్యాల వేశారు. పొద్దున్నే వాడు లేచి, దాయ్, ఈ కంట్లో పొగమంచు పట్టింది అన్నాడు. నొప్పుందా అన్నా. లేదన్నాడు. అయితే నోరు మూసుకో, అమ్మకి తెలిస్తే ఉయ్యాల ఎక్కనివ్వదు అన్నా. మూసుకున్నాడు. నా మాట ఎప్పుడూ కాదనేవాడు కాదు. నాలుగు రోజులు ఊగాం ఇద్దరం. చాలా ఎత్తుకి పోయేది ఆ ఉయ్యాల."

"అప్పటికి ఇక్కడ ఈ ఆపరేషన్ చేసేవాళ్ళే లేరు బా. మీరు చెప్పినా ఏమీ..."

"చెప్పి ఉంటే, చెప్పినా లాభం లేదన్న సంగతన్నా తెలిసేది కదా నాని."

"అందుకేనా, మా పనికి ఊళ్ళో ఒక మనిషి కావాలంటే అందరికంటే ముందు మీరే చెయ్యెత్తారు?"

"టోపీ ఇస్తారన్నారు."

"లాహురే."

"ఊఁ."

"నొప్పి లేదంటావు. తెల్లారితే పండగంటావు. ఎవరికీ చెప్పొద్దంటావు. ఈ మాటలన్నీ ఎక్కడో విన్నట్టు లేదూ నీకు? నీకు పన్నెండేళ్ళప్పుడు బుద్ధి లేదు. సరే. ఇప్పుడు అరవై ఆరు."

"జీపు ఎక్కడాపావు నాని?"

"కింద, ధారా మలుపులో. పదండి బా, పదండి. చెప్పులు ఏవీ?"

"ఉండుండు. పారిపోనులే. ముసలీ, నా కంబళి తీసుకో. ఆ టోపీ కూడా. ఆసుపత్రిలో మిగతా రోగులకి తెలియాలి కదా నేను వాళ్ళలాంటివాణ్ణి కాదని."

"పట్టుకారు కూడా తెస్తా. ఇచ్చేస్తే సరి."

"వద్దు ఆమా, రొట్టెలకి మీరే ఉంచుకోండి. మేం కొత్తది ఇస్తాం. ఇద్దరికీ చెరొకటి."

"ముసలీ, తలుపు తాళం వెయ్యకు. చీకటి గదిలోంచి జమరా ఒక గుప్పెడు తెచ్చి గుమ్మం పక్కన కనబడేట్టు పెట్టు. అక్షతలు కలిపిన గిన్నె కూడా."

"ఎవరికి?"

"ఆవుకి."

"ఆవు అక్షతలు కూడా పెట్టుకుంటుందా?"

"నీకెందుకు? పెట్టమన్నా పెట్టు. నాని, ఆ కాగితం ఇటివ్వు. ఇందులో ఎక్కడ రాయాలి? నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నువ్వే రాయి. తిరిగిన ఇళ్ళు నలభై మూడు. ఎర్ర కన్ను ఒకటి. ఎనభై అన్న చోట ప్రశ్న గుర్తు పెట్టు. గుడ్డకి ఎడం పక్కన ఎన్ని వాలాయో నాకు తెలీదు."

"పెట్టా. చెయ్యివ్వండి బా. మెట్టుంది. ఇంకో మెట్టు. ఎడం పక్క బిందె ఉంది, చూసుకుని."

"ఇంకా ఇక్కడే ఉందా ఈ దరిద్రపు బిందె? మధ్యాహ్నమైనా తీసుకెళ్ళడా దీని యజమాని? దొరికాడంటే తిట్టే తిట్లకి..."

"అదిగో, తిట్లు మొదలయ్యాయి. బతుకుతాడులే తల్లీ. పద."

"నాని, ఇప్పుడన్నా చెప్పు. ఆపరేషన్ బల్ల మీద ఏమవుతానో ఏమో. ఎవరు చేశారా ఫోన్?"

"నేను పేరు చెప్పకూడదు బా. కానీ ఆయనే చెప్పుకుంటే నాదేం పోయింది? మేం వచ్చినప్పటినుంచీ మా జీపులో కూర్చున్నారు. నరజంగ్ బా ఎక్కేదాకా దిగనన్నారు."

"జీపులో ఎవడు? నాకు స్టీరింగు దగ్గర డ్రైవర్ ఒక్కడే కనిపిస్తున్నాడు."

"డ్రైవర్‌కి ఇటు పక్క బా. మెడ ఇంకాస్త ఎడమకి తిప్పండి."

"దాయ్... దాయ్, తల వంచి ఎక్కు. పైన ఇనుప కమ్మీ ఉంది."

"టేకే? ... నువ్వా? నువ్వు చేశావా ఫోన్? నేను అద్దాలు పెట్టుకున్నా. రెండ్రోజులుగా ఊళ్ళోకే పోలేదు. ఈ ముసలిదాని చేత ఒట్టు వేయించుకున్నా. ఊళ్ళో ఒక్కడికి తెలియని సంగతి నీకెలా తెలిసిందిరా?"

"ఏడేళ్ళుగా నీ ఎడం పక్కనుంచే నీళ్ళకి పోతున్నా దాయ్, వానొచ్చినా మంచు పడినా ఒక్కపూట కూడా తిట్టు తప్పలేదు. నిన్న తిట్టలేదు. కోపం పోయిందేమోనని ఇంటికెళ్ళి మంచి చొక్కా కూడా ఉతుక్కున్నా, రేపు టీకాకొద్దామని. ఇవాళ పొద్దున నీళ్ళు పట్టుకొస్తూ మళ్ళీ అదే పక్కకొచ్చి, మూరెడు దూరంలో నిలబడి, నీకేసి చూసి నవ్వా. నువ్వు ఆ మబ్బులకేసి చూస్తూ టీ తాగుతున్నావు. నిండు బిందె అక్కడే వదిలేసి బడి గుట్ట మీదికి పరిగెత్తా."